సరిపోయిందన్న మాట

‘కొంచెం’ అనే మాటను ఆమె ముందు వాడాలంటే వర్క్‌షాపులో అందరికీ జంకే. “ఎంత కొంచెం?” అని అడిగేది. వెంట్రుకవాసా, నలుసా, పిసరా, రవ్వా, ఏదో ఒకటి తేల్చి చెప్పేదాకా చేతిలోకి ఆకురాయి తీసుకునేది కాదు. ఆమె లెక్కలో వెంట్రుకవాసి అంటే గరుకు కాగితంతో ఒక్కసారి నిమిరి వదిలెయ్యడం. నలుసంటే అదే కాగితాన్ని మడిచి నాలుగైదుసార్లు రుద్దడం. పిసరంటే ఆకురాయి పట్టాల్సిందే. రవ్వ అన్నారంటే ప్లాస్టిక్‌ను వేడిచేసి వెనక్కి వంచాలి, అది పెద్ద పని. ఈ వరసను చదువుకున్నవాళ్ళు ఒప్పుకుంటారో లేదో గానీ వర్క్‌షాపు ఒప్పుకుంది.

అది ఆసుపత్రి వెనక, కృత్రిమ కాళ్ళు తయారుచేసే వర్క్‌షాపు. ముందు గదిలో అచ్చు తీస్తారు, మధ్య గదిలో పోత పోస్తారు, చివరి గదిలో తొడిగి చూసి సరిచేస్తారు. ఆ చివరి గది ఆమెది. ఎవరైనా “ఇక్కడ నొక్కుతోందమ్మా” అంటే, బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరికి తెచ్చి, నడుమ సన్నటి వెలుతురు మాత్రం మిగిలేలా పట్టి, “ఇంతా?” అని చూపించేది. ఆ వేళ్ళు చూసే ఎవరో పిసరమ్మ అని పేరు పెట్టారు. వెనకాల అనుకుంటున్నారనుకుని మొదట్లో ఆమె విననట్టు ఉండేది. తర్వాత ఎదురుగానే పిలవడం మొదలుపెట్టారు, ఆమె పలకడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కారు కాబట్టి, రోజంతటిలో ఆమెకంటూ వినపడే పేరు అదొక్కటే.

ఆ గురువారం ఆమె ముందు కూర్చున్నవాడు ఇస్త్రీ పెద్దాయన. ఎడమకాలు మోకాలి కింద నుంచి లేదు. నాలుగు వీధుల అవతల ఒక పెద్ద మేడలో, మెట్ల కింద ఆయన బల్ల. ఆ మేడవాళ్ళ బట్టలన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ బల్ల మీద దుప్పటి కప్పే ఉందట. ఈమధ్య మిషన్లు పెట్టుకున్న ఒకాయన వచ్చి, ఆ మెట్ల కింద చోటు తనకిమ్మని మేడ మేనేజరుని అడిగాడట.

“మేనేజరు మంచివాడేనమ్మా. సోమవారం దాకా చూస్తానన్నాడు. నిలబడి పని చేసుకోగలిగితే చోటు నీదే, లేకపోతే నేనేం చెయ్యలేను అన్నాడు” అని చెప్పాడు పెద్దాయన, తనకేదో పెద్ద ఉపకారం జరిగినట్టు.

“కూర్చుని చేస్తే కాదా?” అంది ఆమె, మొండికాలికి మేజోడు ఎక్కిస్తూ.

“కూర్చుంటే చేతి బరువే పడుతుంది. ఇస్త్రీకి ఒంటి బరువు కావాలి. పెట్టె ఎడం పక్కకి వెళ్ళేటప్పుడు మనిషి కూడా ఎడం కాలి మీదికి వెళ్ళాలి. అప్పుడే మడత కూర్చుంటుంది.”

మేజోడు మీద ముడత లేకుండా అరచేత్తో నిమిరి, మొండికాలిని సాకెట్‌లోకి నెమ్మదిగా దింపింది. సాకెట్ అంటే గిన్నెలాంటిదే. కాలంతా అందులో కూర్చోవాలి, ఎక్కడా ఒక్కచోటే బరువు పడకూడదు. ఆయన లేచి, రెండు పక్కలా ఉన్న కమ్మీలు పట్టుకుని, ఎదురుగా ఉన్న నిలువుటద్దం వైపు నడిచాడు. ఆమె కాళ్ళు చూడలేదు, మొహం చూసింది. ఎడమ అడుగు పడ్డప్పుడల్లా ఆయన ఎడమ కన్ను చిన్నదవుతోంది.

“నొక్కుతోందా?”

“నొక్కదామ్మా మరి. కొత్తది కదా.”

“ఎక్కడ?”

ఆయన నీళ్ళు నమిలాడు. ఈలోగా సూపర్‌వైజర్ గుమ్మంలోకి వచ్చాడు. ఆయన వెనక వరండాలో బెంచీ కనబడుతోంది. దాని మీద మనిషికి మనిషి తగిలేలా కూర్చున్నారు. చంకకర్రలు గోడకి ఆనించి ఉన్నాయి. ఒకామె ఒళ్ళో పిల్లాడు నిద్రపోతున్నాడు. ఇదివరకైతే ఒక్కొక్కరినీ ఎన్నిసార్లయినా పిలిపించి సవరించేవారు. జనం పెరిగాక కొత్త పద్ధతి పెట్టారు. సరిపోయింది అని మనిషి నోటివెంట వస్తే చాలు, కాలు ఇచ్చి పంపెయ్యడమే. ఇక ఏడాది దాకా ఆ మనిషికి వరస రాదు.

“ఏం పెద్దాయనా, సరిపోయిందా?” అన్నాడు సూపర్‌వైజర్.

పెద్దాయన బెంచీ వైపు చూశాడు. నిద్రపోతున్న పిల్లాడిని చూశాడు. పిసరమ్మ ఒళ్ళో రాలి ఉన్న తెల్లటి ప్లాస్టిక్ పొడి చూశాడు.

“సరిపోయిందండీ” అన్నాడు.

ఆమె చెయ్యి పైకి లేచింది. రెండు వేళ్ళూ దగ్గరికి వచ్చాయి. “ఇంకొక్క పిసరు...” అనబోయేసరికి సూపర్‌వైజర్ తర్వాతి మనిషిని పిలిచేశాడు. పెద్దాయన చెప్పు తొడుక్కుని, చేతులు జోడించి, “మీ బట్టలు పంపండమ్మా, మడత నలగకుండా చేసిస్తాను” అని వెళ్ళిపోయాడు. మెట్లు దిగేటప్పుడు కమ్మీని రెండు చేతులతో పట్టుకోవడం ఆమె కిటికీలోంచి చూసింది.

*

భర్త పోయాక ఆమె ఉంటున్నది తమ్ముడి ఇంట్లో. తమ్ముడు చెడ్డవాడు కాడు, మరదలు నోరు జారే మనిషీ కాదు. ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనుకోరు. వచ్చిన కొత్తలో ఆమెకు వెనక గది ఇచ్చారు. తర్వాత ఆ గదిలోకి పాత బీరువా వచ్చింది, కుట్టుమిషను వచ్చింది, మేనకోడలి సైకిలు వచ్చింది. వచ్చినప్పుడల్లా “కొంచెం సర్దుకో అక్కా” అన్నాడు తమ్ముడు. ఆమె సర్దుకుంది. వర్క్‌షాపులో ఎవరన్నా ఆ మాట అంటే పట్టుకుని నిలదీసే మనిషి, ఇంట్లో ఒక్కనాడు కూడా ఎంత కొంచెం అని అడగలేదు.

ఆ సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతుండగానే మరదలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నీళ్ళిచ్చే తీరులోనే ఏదో ఉందని ఆమెకు అర్థమైంది.

“వదినా, మీ తమ్ముడికి ఇక ఇంటినుంచే పనట. రోజంతా ఫోన్లో మాట్లాడాలి, తలుపు వేసుకోవాలి. హాల్లో కుదరదంటున్నారు.”

“అవును, కుదరదు.”

“వెనక గదైతే బాగుంటుందని...” మరదలు ఖాళీ గ్లాసు అందుకుని దాని అంచు తుడవసాగింది. “మీ మంచం నడవలో వేద్దామనుకుంటున్నాం. గాలి కూడా బాగా వస్తుంది. కొంచెం సర్దుకుంటారా?”

“దానికేముంది, సర్దుకుంటాను.”

మరదలి మొహం తేటపడింది. రాత్రికి వడ్డించేటప్పుడు ఆమె కంచంలో రెండోసారి అడగకుండానే కూర వేసింది. ఆమె చాలు చాలు అంది, తినేసింది. గదిలోకి వెళ్ళి, గోడ మూల తను రోజూ దణ్ణం పెట్టుకునే చిన్న పీట మీద నుంచి దీపపు కుందె తీసి గుడ్డలో చుట్టింది. నడవలో దాన్ని ఎక్కడ పెట్టాలో ఇంకా ఆలోచించలేదు. దేవుడు కూడా సర్దుకుంటాడులే అనుకుని, అనుకున్నందుకు లెంపలు వేసుకుంది.

*

మర్నాడు పని ముగిశాక, ఆమె బస్సు ఎక్కకుండా ఆ నాలుగు వీధులూ నడిచి వెళ్ళింది. మేడ తేలిగ్గానే దొరికింది. దూరం నుంచే మెట్ల కింద బల్ల కనపడింది. పెద్దాయన ఎత్తు పీట మీద కూర్చుని చేతిరుమాళ్ళూ దిండు గలీబులూ చేస్తున్నాడు. పక్కన చొక్కాలు, ప్యాంట్లు గుట్టపడి ఉన్నాయి. ఆమె సరిచేసిన కాలు బల్ల కింద గోడకి ఆనించి, చెప్పుతో సహా, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది.

ఆమెను చూడగానే ఆయన కంగారుగా కాలు లాక్కుని తొడుక్కోబోయాడు. ఆమె ఆ చెయ్యి ఆపి, సాకెట్‌లోకి తొంగి చూసింది. లోపల ఒక చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి దోపి ఉంది.

“ఇదేమిటి?”

“మెత్తగా ఉంటుందని.”

“ఉందా?”

ఆయన నవ్వాడు. ఇరుకైన చోట ఇంకొక గుడ్డ పెడితే మరింత ఇరుకవుతుందే గానీ మెత్తనవదని ఆమె చెప్పలేదు. ఆ మాట ఆయన మొండికాలు చెబుతూనే ఉంది. పక్క ఎముక బుడిపె మీద చర్మం ఎర్రగా కమిలి, రేపో మాపో పగిలేటట్టు ఉంది.

“మరి సరిపోయిందన్నారెందుకు?”

“పర్లేదమ్మా, సర్దుకుంటాను. మీరేం మనసులో పెట్టుకోకండి. అలవాటైపోతుంది.”

శనివారం పొద్దున్నే ఆమె సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది. ఆయన ఇంకా టీ తాగలేదు. గ్లాసు మీద మీగడ కట్టి ఉంది. ఆమె చెప్పిందంతా విన్నాడు, తోసిపుచ్చలేదు. లేచి వెళ్ళి కిటికీ రెక్క తెరిచి బెంచీ చూపించాడు. నిన్నటికన్నా ఎక్కువమంది ఉన్నారు.

“వీళ్ళలో ఎవర్ని ఇంటికి పంపమంటారు, చెప్పండి. ఆ పెద్దాయనే కదా సరిపోయిందన్నాడు. నేనన్నానా? మీరన్నారా?”

“మొహమాటానికి అన్నాడు సార్.”

“మొహమాటాన్ని నేనెట్లా కొలవను? కొత్త చెప్పు కరవదా? నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది.”

“చెప్పు కరిస్తే విప్పి చేత్తో పట్టుకుని నడవొచ్చు సార్. కాలు విప్పి ఎట్లా నడుస్తాడు?”

ఆయనకి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. ఆమె కూడా నవ్వించాలని అనలేదు.

“కాలు సర్దుకోదు సార్. సాకెట్‌ని మనం సర్దాలి. మొండికాలిని ఎవరైనా ఆకురాయితో రుద్దుతారా?”

“ఒక్కడిని వెనక్కి పిలిస్తే రేపు అందరూ వస్తారమ్మా” అన్నాడు ఆయన, ఈసారి అలసటగా. “వస్తే తప్పా అంటే తప్పు కాదు. కానీ ఉన్నది మీరొక్కరు. వెళ్ళండి, లోపల మనుషులున్నారు.”

ఆమె వెళ్ళింది. ఆ రోజంతా తొడగడం, విప్పడం, రుద్దడం. ప్రతి ఒక్కరినీ సరిపోయిందా అని అడగడం. అందరూ సరిపోయిందనే అన్నారు. ఆ మాట అలా వరసగా వింటుంటే ఆమెకు దాని మీద నమ్మకం సడలింది. కొందరు హమ్మయ్య అన్నట్టు అన్నారు. కొందరు ఇక చాలు అన్నట్టు అన్నారు. ఒకామె, సంచీ సర్దుకుంటూ, ‘సరిపోయింది నా బతుకు’ అనే తీరులో అంది. ఒకే మాట, చెవికి అన్నీ ఒకటే. ఏది కొలతో ఏది మర్యాదో పట్టుకోవడానికి ఆకురాయి పనికిరాదు.

*

ఇంటికి వచ్చేసరికి మంచం నడవలో వేసి ఉంది.

దుప్పటి శుభ్రంగా పరిచారు. తలగడకి కొత్త గలీబు తొడిగారు. మంచం తల ఒక గోడకి, కాళ్ళవైపు గదిలోంచి తెచ్చి పెట్టిన బీరువాకి తగిలి ఉన్నాయి. నడవ తలుపు లోపలికి తెరుచుకునేది. ఇప్పుడది మంచం కోడుకి తగిలి సగంలో ఆగిపోతోంది. ఆమె తలుపు నెట్టింది, ఆగింది. మళ్ళీ నెట్టింది, ఆగింది. పక్కకి తిరిగి, సంచీ ముందు లోపలికి తోసి, పొట్ట బిగబట్టి జారుకుంది.

వెనక గదిలోంచి తమ్ముడి మాటలు వినపడుతున్నాయి. ఎవరితోనో మర్యాదగా నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ గది తలుపు మూసి ఉంది. మరదలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, సగం తెరిచిన తలుపులోంచి తల మాత్రం పెట్టింది.

“ఎలా ఉంది వదినా? సరిపోయిందా?”

ఆమె మంచం చూసింది. కొత్త గలీబు చూసింది. మరదలి ముంగురులు చెమటకి నుదుటికి అంటుకుని ఉన్నాయి. మంచం మొయ్యడంలో ఆ పిల్ల కూడా ఒక చెయ్యి వేసినట్టుంది.

“సరిపోయింది” అంది.

అన్న మరుక్షణమే ఆ గొంతు ఎక్కడో విన్నట్టు అనిపించింది. మొన్న విన్నదే. అదే మెత్తదనం, అదే తొందర. ఎదుటివాళ్ళ చేతులకి నొప్పి పుట్టకుండా తన నోటితోనే తలుపు వేసెయ్యడం. మరదలు ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుని, సంతోషంగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. తీసుకోక ఏం చేస్తుంది? మాట అలాగే ఉంది మరి.

ఆమె మంచం అంచున కూర్చుంది. మోకాళ్ళు ఎదుటి గోడకి తగిలాయి. పక్కకి తిరిగి కూర్చుంది.

*

ఆదివారం పొద్దున్న, దీపపు కుందె పెట్టుకోవడానికి కిటికీ గట్టు తప్ప వేరే చోటు కనబడలేదు. అక్కడ గాలికి ఒత్తి నిలవలేదు. వెలిగించకుండానే చేతులు జోడించింది. ఇన్నేళ్ళుగా ఆమె అడిగేది ఒక్కటే, సర్దుకుపోయే ఓపిక ఇవ్వు స్వామీ అని. ఆ మాట సగంలో ఉండగా నిన్న సూపర్‌వైజర్ దగ్గర మొండికాలి గురించి తను అన్నది గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ నన్ను ఇంకొంచెం అరగదియ్యి, ఇంకొంచెం అరగదియ్యి అని కదా నేను అడుగుతున్నది అనుకుంది. గది గురించి ఒక్కనాడూ అడగలేదు. అడిగితే స్వామి కాదనేవాడో ఔననేవాడో తెలియదు. అడగనిదాన్ని దేవుడైనా ఎలా సరిచేస్తాడు? ఏమో, అన్నీ తెలిసినవాడు అంటారు, ఇది మాత్రం తెలియదా? అలా అడిగినందుకు ఈసారి లెంపలు వేసుకోలేదు.

వర్క్‌షాపు ఆకురాళ్ళు వర్క్‌షాపులోనే ఉంటాయి. తన సొంతది ఒకటుంది. ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం, పిడి అరిగి అరచేతి ఆకారానికి వచ్చేసింది. దాన్నీ, గరుకు కాగితాన్నీ, ఒక ఎర్ర సుద్దనీ సంచీలో వేసుకుని మేడ దగ్గరికి వెళ్ళింది.

పెద్దాయన నిలబడి ఉన్నాడు. నిలబడి ఉన్నాడంటే కుడికాలి మీద, బల్లకి మోచెయ్యి ఆనించి. ఆమె మెట్ల కిందికి రావడం చూసి ఇస్త్రీ పెట్టెను నిలువుగా పెట్టాడు.

“రేపు మేనేజరు చూస్తాడు కదమ్మా. ఇవాళ అలవాటు చేసుకుందామని.”

“కూర్చోండి. విప్పండి.”

“పర్లేదమ్మా...”

“పర్లేదన్నది కొలత కాదు పెద్దాయనా.”

ఆయన కూర్చున్నాడు. ఆమె రుమాలు పీకి అవతల పడేసింది. ఎముక బుడిపె మీద సుద్ద రాసి, మేజోడు లేకుండానే సాకెట్ తొడిగించి, నిలబెట్టి, మళ్ళీ విప్పించింది. సాకెట్ లోపల ఎర్రటి మరక పడింది. చోటు తెలిసింది. ఎంత అన్నది తెలియలేదు. ఆ ‘ఎంత’ ఎక్కువైతే కాలు లోపల ఆడుతుంది, అది ఇంకా చెడ్డది. వేళ్ళు చూపించింది.

“ఇంతా?”

“అంతే అనుకోండి.”

“అనుకోవడం కాదు. ఇంతా, ఇంతా?”

ఆయన ఆ వేళ్ళని, తనకి తెలియని భాషలో రాసిన అక్షరాల్లా చూశాడు. పాపం, నిజంగానే చెప్పాలనుకుంటున్నాడు. నొప్పిని దాచడం తెలిసినంతగా దాన్ని ముక్కలు చేసి చూపించడం ఆయనకి ఎవరూ నేర్పలేదు. చెయ్యి ఊరుకోక గుట్టలోంచి ఒక చొక్కా లాగి, కాలరు మీద బొటనవేలు నడిపాడు. వేలు ఒకచోట ఆగింది. మొహం చిట్లించాడు.

“ఏముంది అక్కడ?” అంది ఆమె.

“లోపలి గుడ్డ మడత పడింది. కుట్టేటప్పుడే పడుంటుంది. పైకి కనపడదు, వేలికి తెలుస్తుంది.”

“ఎంత?”

“ఒక పొర” అన్నాడు ఆయన, తడుముకోకుండా.

ఆమె చొక్కా అందుకుని అదే చోట తన వేలు నడిపింది. ఏమీ తగల్లేదు. రెండోసారి నడిపింది. అప్పుడు తగిలిందేమో అనిపించింది.

“కాలికి ఎన్ని పొరలు?”

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. కాలు తొడుక్కున్నాడు. లేచి, కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా ఎడమకాలి మీదికి తెచ్చాడు.

“మూడు” అన్నాడు. “ఆగండి. బుడిపె మీద నాలుగు. కిందికి వచ్చేకొద్దీ తగ్గుతోంది. అడుగున ఒకటే.”

“అదీ” అంది ఆమె, ఆకురాయి తీస్తూ.

గుండ్రటి వైపు పెట్టి రుద్దింది. ఎర్ర మరక లేతబడుతూ తెల్లటి పొడి ఒళ్ళో రాలింది. తొడిగించింది. రెండున్నర అన్నాడు. మళ్ళీ రుద్దింది. ఒకటి అన్నాడు. గరుకు కాగితం తీసింది. సగం పొర అన్నాడు. ఆ సగం దగ్గర ఇద్దరికీ కాసేపు వాదన నడిచింది. మేజోడు వేసుకుంటే అదే పోతుందని ఆయన, పోదని ఆమె. చివరికి కాగితంతో ఒక్కసారి నిమిరి వదిలేసింది.

ఆయన బల్ల దగ్గర నిలబడి, ఆ చొక్కానే పరిచి, నీళ్ళు చిలకరించి, పెట్టె తీసుకున్నాడు. కుడి నుంచి ఎడమకి పెట్టె వెళ్ళింది. వెనకే మనిషి వెళ్ళాడు. భుజం వంగింది, నడుము తిరిగింది, బరువంతా ఎడమకాలి మీద వాలి ఒక్క క్షణం ఆగింది. కన్ను చిన్నదవలేదు. వీపు, చేతులు, మూపు, కాలరు. మూపు మీద మడత కత్తి అంచులా కూర్చుంది. రెండో చొక్కా అందుకున్నాడు. మూడోదానికి పక్కన మనిషి ఉందన్న సంగతి మర్చిపోయాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మేనేజరు ఎక్కడికో వెళ్తూ దిగి వచ్చి, బల్ల ముందు ఆగాడు. పెద్దాయన కాళ్ళవైపు ఒకసారి చూశాడు. తిరిగి పైకి వెళ్ళాడు. కాసేపటికి తన బట్టలు తెచ్చి గుట్ట మీద పెట్టి, “రేపు పొద్దున్నకి కావాలి” అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

పెట్టె పక్కన పెట్టి, పెద్దాయన మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది.

“ఇప్పుడు సరిపోయిందమ్మా” అన్నాడు.

“ఏ సరిపోయింది? మొన్నటిదా?”

“మొన్న అంతమంది బెంచీ మీద కూర్చునుంటే, నాది ఒక్కటే కాలా అనిపించింది.” నవ్వాడు. “ఇది కాలే చెబుతోంది.”

ఆమె సుద్ద, ఆకురాయి సంచీలో వేసుకుని లేచింది. మెట్ల వంపు కిందనుంచి బయటికి వెళ్ళబోతుంటే వెనకనుంచి ఆయన అడిగాడు.

“ఇంత చోటుండగా అలా పక్కకి తిరిగి వెళ్తున్నారేంటమ్మా? వచ్చేటప్పుడూ అలాగే వచ్చారు.”

ఆమె ఆగి చూసుకుంది. నిజమే. ఇద్దరు పక్కపక్కన నడిచిపోయేంత జాగా ఉంది. తను భుజం ముందుకి పెట్టి, పొట్ట బిగబట్టి, సంచీని ఒంటికి అదుముకుని ఉంది.

“అలవాటు” అంది.

“అలవాటన్నది కొలత కాదమ్మా” అన్నాడు పెద్దాయన. ఎగతాళిగా అనలేదు. ఇస్త్రీ పెట్టె మీద చెయ్యి పెట్టుకుని, జవాబు కోసం నిజంగానే ఎదురుచూశాడు. “మీకెక్కడ నొక్కుతోంది?”

చెప్పడానికి నోరు తెరిచింది. పర్లేదు అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి, ఆయన ముందు అనడానికి సిగ్గేసి, అక్కడే ఆగిపోయింది. దాని వెనక ఇంకో మాటేదీ లేదు. వస్తానని తలూపి వెళ్ళిపోయింది. బస్సులో ఇద్దరి సీట్లో ఒక్కతే కూర్చుని, దారి పొడుగునా సీటు చివరకే ఒదిగి ఉన్నానని దిగేముందు గమనించింది.

*

నడవ తలుపు నెట్టింది. సగం తెరుచుకుని, కోడుకి తగిలి ఆగింది. ఆమె పక్కకి తిరగలేదు. తలుపు గొళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

“తమ్ముడూ.”

వెనక గదిలో కుర్చీ కదిలింది. తమ్ముడు చెవుల్లో వైర్లు మెడ మీదికి జార్చుకుంటూ వచ్చాడు.

“తలుపు పూర్తిగా తెరుచుకోవడం లేదురా.”

వంటింట్లోంచి మరదలు కూడా వచ్చింది. చేతిలో గరిటె ఉంది. “నిన్న సరిపోయిందన్నారు కదా వదినా” అంది. తప్పుపట్టినట్టు కాదు, నిజంగా అర్థంకాక.

“అన్నానమ్మా” అంది ఆమె. “మొహమాటానికి అన్నాను.”

తమ్ముడు మంచం చూశాడు, బీరువా చూశాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, కోడు పట్టుకోవడానికి వంగుతూ, “దానికేముంది అక్కా, కొంచెం జరుపుదాం. ఎంత జరపమంటావు?” అన్నాడు.

ఆమె గొళ్ళెం వదిలి చెయ్యి పైకెత్తింది. అలవాటు చొప్పున బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వచ్చాయి. నడుమ సన్నటి వెలుతురు. దాన్ని ఆమె కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. వేళ్ళు కొంచెం విడిపోయాయి. ఇంకాస్త. జానెడయ్యాయి. ఇక ఆ చేతికి చాలక, రెండో చెయ్యి సంచీ వదిలి లేచింది. రెండు అరచేతులూ ఎదురెదురుగా, ఒకదానినుంచి ఒకటి నెమ్మదిగా దూరమవుతూ వెళ్ళి, మూరెడు దాటి, బారెడు దగ్గర ఆగాయి. అది ఎంతో ఆమె కూడా అప్పుడే చూస్తోంది.

“ఇంత” అంది.

తమ్ముడు వంగినవాడు వంగినట్టే తలెత్తి, ఆ చేతుల మధ్యనున్న చోటుని చూశాడు. తర్వాత నడవని చూశాడు. తర్వాత, తను వస్తూ మూసి వచ్చిన గది తలుపు వైపు చూశాడు. నడవలో అంత జాగా లేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

ఆమె చేతులు దించలేదు.